కట్టె పలుకు తెలిసిన మనిషి

మొన్న చౌటుప్పల్‌లో, హైవే పక్కన కొత్తగా తెరిచిన ఆట సామాన్ల దుకాణంలో, మా అమ్మాయి మెడలోని చున్నీ తీసి బ్యాటుకు చుట్టింది. ఆమె దగ్గర క్రికెట్ నేర్చుకుంటున్న గురుకులం ఆడపిల్లలు ఆరుగురు చుట్టూ నిలబడ్డారు. ఏ బ్యాటు చేతికిచ్చినా ముందు దాని ఒంటికి చున్నీ చుడుతుంది, పిడి మాత్రమే బయటికి కనబడుతుంది.

"చూడొద్దు. ఎత్తుర్రి. కింద ఏం పేరుందో తొంగి చూసినోళ్ళకు ఇయ్యాల బ్యాటు లేదు" అంది.

దుకాణదారుకు ఇది నచ్చలేదు. "మేడం, అన్నీ పెద్ద కంపెనీలవి. పేరు చూడకుంట ఎట్ల కొంటరు?"

"పేరు పోయి బంతిని కొడ్తదా అన్నా?"

ఆ మాట ఆమెది కాదు. ఆ గుడ్డ చుట్టటమూ ఆమెది కాదు. రెండూ హాలియాలో బ్యాట్లు తీర్చిన ఒక మనిషివి. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన నోట్లోని మాట, ఆయన చేతిలోని పని అంత దూరం ప్రయాణం చేసి ఆ గాజు తలుపుల దుకాణంలో నా ముందు నిలబడేసరికి, నేను ఒక మూలన కుర్చీలో కూర్చుండిపోయాను.

హాలియాలో సాగర్ దారి మీద, పురుగుమందుల దుకాణానికీ పంక్చర్ల షెడ్డుకూ నడుమ ఉండేది ఆయన రేకుల కొట్టు. బోర్డు లేదు. దూలానికి పిడుల దగ్గర తాడు కట్టి వేలాడదీసిన బ్యాట్లే బోర్డు. నేల మీద చెక్క పొట్టు చీలమండల దాకా ఉండేది. లోపల ఒక పాత మేజోడులో తోలు బంతి వేసి తాడుతో దించి ఉంచేవాడు. బ్యాటును దాని ఎదుట పట్టుకుని, బంతిని ఇంత వెనక్కి లాగి వదిలి, తల పక్కకు వంచి వినేవాడు. పాటగాడు తంబురా శ్రుతి చూసుకున్నట్టు ఉండేది ఆ వినటం.

ఆ దారిలో వడ్ల లారీలు ఆగకుండా పోతుంటాయి. లారీ వస్తుంటే బంతి వదిలేవాడు కాదు. ఒక చెయ్యి పైకెత్తి ఆగేవాడు. ఎదురుగా నిలబడ్డవాడు ఎంత తొందరలో ఉన్నా సరే, నోరు తెరిచి మాట్లాడుతున్నా సరే, ఆ చెయ్యి దిగేదాకా అందరమూ ఆగాల్సిందే. లారీ పోయి, దుమ్ము కూడా అణిగాక, అప్పుడు "టక్". ఆ చప్పుడు నచ్చితే పెదవి చివర చిన్న మడత పడేది. నచ్చకపోతే బ్యాటును మాట లేకుండా గోడకు ఆనించేవాడు.

కొనడానికి వచ్చిన పడుచువాళ్ళు ముందు స్టిక్కరు చూస్తారు. ఆయన తన భుజం మీది తువ్వాల తీసి దాన్ని కప్పేవాడు. "నువ్వు బ్యాటు కొంటున్నవా, కాయితం కొంటున్నవా?" అనేవాడు. తర్వాత పిడిని ఎడమ చేతికి మాత్రమే ఇచ్చి, ముందుకు చాచి పట్టుకొమ్మనేవాడు. తాను ఎదురుగా నిలబడి వాడి మొహం చూడకుండా మణికట్టు చూసేవాడు. మణికట్టు వణికిందా, "నీకు గిది బరువు" అని తీసేసుకునేవాడు. "కాంట మీద ఎంతున్నదో నాకు చెప్పకు. రెండు బ్యాట్లు ఒక్కటే తూగుతయి. ఒకటి చేతిల పిట్ట లెక్క ఉంటది, ఒకటి రోకలి లెక్క ఉంటది. తూకం అడుగున ఉన్నదా, నడుమ ఉన్నదా, గది చూసుకోవాలె."

బ్యాటు మొహం మీద నిలువుగా దిగే గీతల గురించి ఆయనకు ఒక లెక్క ఉండేది. గీతలు దగ్గరదగ్గరగా ఎక్కువ ఉన్న కట్టె చూడటానికి అందంగా ఉంటుంది, మొదటి రోజు నుంచే బంతిని బాగా తోలుతుంది, కానీ తొందరగా పగులుతుంది. దూరదూరంగా తక్కువ ఉన్నది మొండిది. నెల రోజులు ఓపికగా కొట్టి మెత్తబరిస్తే తర్వాత ఏళ్ళ తరబడి పలుకుతుంది. ఇది చెప్పి, "మనుషులు గూడ గంతే గదా" అనకుండా ఉండేవాడు. వచ్చినవాళ్ళే ఆ మాట అంటే, "మనుషుల సంగతి నాకు తెల్వదు, నాకు కట్టె సంగతే తెలుసు" అనేవాడు.

ఒకసారి ఎన్నికల ముందు ఒక నాయకుడు ఊళ్ళ జట్లకు పంచడానికి బ్యాట్లు కొనాలని వచ్చాడు. వెనక ఇద్దరు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. నాయకుడు అన్నిట్లోకీ లావుగా, మెరుస్తూ ఉన్నది తీసుకుని భుజం మీద పెట్టుకుని ఎట్లుందని అడిగాడు.

"ఫోటోకా, ఆటకా సారు?"

"రెంటికీ."

"ఫోటోకు గిది మస్తుంటది. ఆటకు గా మూలకున్నది. రెంటికీ అంటే రెండు కొను."

నాయకుడు నవ్వాడు, రెండూ కొన్నాడు. ఆట బ్యాటును ఆ ఊరి జట్టుకు నిజంగానే ఇచ్చాడని తర్వాత విన్నాను.

ఈయన బ్యాట్లు తీర్చటం ఎక్కడ నేర్చుకున్నాడని అడిగితే నాలుగు మాటల్లో చెప్పేవాడు. పాలమూరు మేస్త్రీ వెంట మట్టిపనికి ఉత్తరాదికి పోయాడు. మీరట్‌లో పని అయిపోయి మేస్త్రీ వెళ్ళిపోయాడు, ఈయన అక్కడే ఒక బ్యాట్ల కార్ఖానాలో పొట్టు ఊడ్చే పనికి కుదిరాడు. ఊడుస్తూ ఊడుస్తూ చిత్రిక పట్టడం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక అక్కడి నుంచే సగం తీర్చిన దుంగలు తెప్పించుకునేవాడు. ఇంతే. ఇంతకు మించి తన కథ చెప్పగా నేను వినలేదు.

నేను ఆ కొట్టు గడప మొదటిసారి తొక్కింది తెలంగాణ వచ్చిన కొత్తలో. అమ్మాయికి పదహారేళ్ళు. జిల్లా ఆడపిల్లల జట్టుకు నల్లగొండలో ఎంపికలు మూడు వారాల్లో ఉన్నాయి. ఈమె చేతిలో ఉన్నది కాలేజీ వాళ్ళ పాత బ్యాటు, అంచు చీలి దారం చుట్టినది. మా పరిస్థితి కూడా ఇక్కడ ఒక మాటలో చెప్పాలి. తిరుమలగిరి దగ్గర మాది గడి, కోటలాంటి భూస్వామి ఇల్లు. భూములు మా తాత కాలంలో కొన్ని, మా నాయన కాలంలో మిగిలినవి పోయాయి. గడి కప్పు కూలింది. నేను హాలియా కాలేజీలో గుమస్తాను. మాకు మిగిలినవి ఇంటిపేరు, ఒక ఇనుప బీరువా, నిటారుగా కూర్చునే అలవాటు. ఆ ఇంటి నుంచి మళ్ళీ ఒక మనిషి పదిమందిలో గెలిచి నిలబడే అవకాశం ఆ ఎంపికల్లోనే ఉందని నాకు తెలుసు. మా అమ్మాయికి అదేమీ పట్టదు, ఆమెకు ఆట కావాలి.

ఆయన నన్ను చూసి, "తిరుమలగిరి కాడి గడోళ్ళు గదా సారు? మా నాయిన మీ ఇంట్ల జీతమున్నడు" అన్నాడు. నిన్న వాన పడ్డది అన్నంత మామూలుగా అన్నాడు. మా ఇల్లు తెలిసినవాళ్ళు నన్ను ఇప్పటికీ పటేలా అంటారు. ఈయన పక్క షెడ్డులో పంక్చరు వేసేవాణ్ణీ సారు అన్నాడు, నన్నూ సారు అన్నాడు. నాకు అది గుర్తుండిపోయింది.

అమ్మాయిని నిలబెట్టి బ్యాటును కాలి పక్కన ఆనించాడు. పిడి కొస నడుము ఎముకను తాకిందో లేదో చూశాడు. ఒకటి తీసి, ఒకటి మార్చి, చివరికి తువ్వాల చుట్టిన ఒకదాన్ని ఇచ్చాడు. ఆమె ఎడమ చేత్తో ఎత్తి చాచింది. మణికట్టు కదలలేదు. రెండు చేతులతో పట్టుకుని గాలిలో ఒక దెబ్బ వేసింది. ఆమె మొహం విప్పారింది.

"కాకా, గిది నాది" అంది.

ఆయన తువ్వాల తీశాడు. బ్యాటు మొహం మీద, ఒక పక్కకు, రెండు వేళ్ళ వెడల్పున గోధుమరంగు మచ్చ ఉంది. సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు.

"మచ్చ ఉంది" అన్నాను.

"ఉన్నది సారు. మచ్చ కట్టెకు బలం. చెట్టుకు దెబ్బ తాకి మానిన కాడ గట్ల పడ్తది. తెల్వనోళ్ళు వద్దంటరు."

"దీంతో నల్లగొండకు పంపాలా? పదిమంది చూస్తారు."

"పదిమంది బ్యాటునే చూస్తే ఆట చూసేదెవ్వరు సారు?"

పక్క షెడ్డు వాడు నవ్వాడు. అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాను. ఆ వారమే హైదరాబాదు పోయి, నా స్తోమతకు మించిన బ్యాటు కొన్నాను. మచ్చ లేదు, గీత తప్పలేదు, అద్దంలా ఉంది. దుకాణం వాడు "ఆయిల్ పెట్టుకోవాలి" అన్నాడు. ఏ నూనె, ఎంత, ఎట్లా అని అడగాలి. అడగటం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నూనె పెట్టడం మాకు తెలియనిదా అనుకున్నాను.

గడి కాపలావాళ్ళ వెదురు కర్రలకు ఆముదం పట్టించే పద్ధతి మా ఇంట్లో తాతల నుంచీ ఉండేది. పొడవాటి ఇత్తడి పాత్రలో ఆముదం పోసి, కర్రలను కొసల మీద నిలబెట్టి, పది పదకొండు రోజులు కదపరు. కర్ర నూనె తాగి బరువెక్కి, ఇనుములా తయారవుతుంది. ఆ పాత్ర ఇంకా మా దగ్గర ఉంది. మా చెలకలో పండిన ఆముదాలు గానుగ ఆడించిన నూనె కాదు కానీ, మంచి నూనే కొన్నాను. బ్యాటును అందులో నిలబెట్టి వెనక గదిలో పెట్టి తలుపు వేశాను. ఎంపికల ముందు తీసి అమ్మాయికి ఇవ్వాలని నా ముచ్చట. నా భార్య రెండుసార్లు "గా అర్రల ఏం వాసనండి?" అని అడిగింది. "నీకెందుకు" అన్నాను.

పదకొండో రోజు తీశాను. తుడిచి, ఎండకు ఆరబెట్టి, అమ్మాయి చేతిలో పెట్టాను. ఇంటి ముందు స్నేహితురాలు బంతి వేసింది. ఈమె కొట్టింది. బంతి బ్యాటుకు తగిలి, ఆమె కాళ్ళ దగ్గరే పడి ఆగిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. తడి గోడకు మట్టి ముద్ద కొట్టినట్టు చప్పుడు.

"బాపూ, బంతి పోతలేదు" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున ఒక్కణ్ణే ఆ కొట్టుకు పోయాను. ఎంపికలు ఆ మర్నాడే. ఆయన బ్యాటు అందుకోగానే చెయ్యి కిందికి జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఆముదం!" అన్నాడు. "ఎన్ని దినాలు?"

"పదకొండు."

"పదకొండు దినాలా! సారు, మనిషిని నానబెడ్తే మనిషే పోతడు."

"ఎండలో ఇంకా పెడితే?"

"పగుల్తది. దీనికి వేరే నూనె ఉంటది. నాలుగు చుక్కలు, గుడ్డతోని, పడుకోబెట్టి. గంతే. గిది ఇగ బట్టలుతకనీకి పనికొస్తది. మంచిగ పనికొస్తది."

ఆయన బ్యాటును తిప్పి చూస్తూ, మెల్లగా అన్నాడు. "మా నాయిన గిట్లనే పట్టిచ్చేటోడు, మీ గడిల కట్టెలకు. నేను పక్కన కూసోని చూసిన. ఆ కట్టెలు ఎవ్వల వీపుల మీద పడ్డయో గది కూడ చూసిన."

లారీ వచ్చింది. ఆయన చెయ్యి పైకెత్తాడు. ఆ లారీ పోయేంతసేపు నా జీవితంలో మొదటిసారి తల వంచి నిలబడ్డాను. చెయ్యి దించాక ఆయన గొంతులో కోపం లేదు, పని చెప్పే గొంతే ఉంది.

"కట్టె వేరు, బ్యాటు వేరు సారు. కట్టె దెబ్బ ఎయ్యాలె. బ్యాటు దెబ్బ తీస్కోవాలె. తీస్కోని మళ్ళ పంపాలె. నూనెల మునిగినది గట్టిగైతది గని తీస్కోదు. తీస్కోనిది ఏం పంపుతది?"

నేను తల ఎత్తి అడిగాను. "రేపు పొద్దున ఎంపికలు. ఏం చెయ్యాలో నాకు తెలవదు. నువ్వే చెప్పాలె."

ఇంకొకరి ముందు ఆ మాట అనటం నాకు అదే మొదలు. ఆయన దాన్ని పట్టుకుని నన్ను ఇంకో మెట్టు దించవచ్చు. దించలేదు.

"బిడ్డెను తోల్కరా" అన్నాడు.

అమ్మాయి వచ్చింది. ఈసారి తువ్వాలను బ్యాటుకు చుట్టలేదు, ఆమె కళ్ళకు కట్టాడు. అయిదు బ్యాట్లు పక్కన పెట్టుకుని ఒకదాని వెనక ఒకటి చేతికివ్వసాగాడు. మొదటిది వెంటనే తిరిగిచ్చేసింది. రెండోది కాసేపు పట్టుకుని, "కొస బరువు కాకా" అంది. మూడోది ఎత్తి, గాలిలో ఒక్క దెబ్బ వేసి, ఇక మిగిలినవి అందుకోలేదు.

"గిదే. గిది మొన్నటిదే గదా?"

కట్టు విప్పాడు. మచ్చ ఉన్న బ్యాటే. కానీ అప్పుడు చూసినట్టు లేదు. మొహం మీద చెక్క సుత్తి దెబ్బలు సన్నగా, దగ్గరగా, అంగుళం కూడా వదలకుండా పడి ఉన్నాయి. అంచులు నున్నగా గుండ్రం తిరిగి ఉన్నాయి. కొత్త బ్యాటు తోలు బంతికి తట్టుకోవాలంటే ఇట్లా రోజుల తరబడి కొట్టాలని నాకు అప్పుడే తెలిసింది.

"దినాం పొద్దున ఒక గంట కొట్టిన" అన్నాడు. "ఇద్దరు అడిగిండ్రు గని ఇయ్య బుద్ధి కాలె. బిడ్డె ఎత్తి పట్టుకున్న తీరు చూసిన గదా." తర్వాత నా వైపు తిరిగి, "గిప్పుడు మచ్చ సంగతేంది సారు? గీకెయ్యమంటవా?" అన్నాడు.

"ఉండనియ్యి" అన్నాను.

ఆయన నవ్వాడు. అమ్మాయి కూడా నవ్వింది. కొంత ఆగి నేనూ నవ్వాను.

నల్లగొండకు ఆయనా వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో గరుకు కాయితం ముక్క పెట్టుకుని. మైదానంలో నలభై మంది దాకా ఆడపిల్లలు. ఒక్కొక్కరికి రెండు ఓవర్లు. బంతి వేస్తున్నది కాలేజీ కుర్రవాడు, పొడగరి, ఆడపిల్లలని వేగం తగ్గించే రకం కాదు. మా అమ్మాయి పేరు పిలవగానే ఈయన గిర్రున వెనక్కి తిరిగి, ప్రహరీ గోడకు ఎదురుగా, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఏమైంది? ఇటు చూడు" అన్నాను.

"నా చేతి బ్యాటు ఆడుతుంటే నేను చూడలేను సారు. గుండె ఆగదు. చెవులు చాలు."

మొదటి బంతికి చప్పుడే లేదు. "తాకలే" అన్నాడు. రెండో దానికి చిన్న చిట్‌మన్న చప్పుడు. "అంచు." మూడోది కొంచెం మొద్దుగా వినబడింది. "పిడి కాడ తాకింది. బిడ్డె బెదిరింది సారు." వెంటనే, వెనక్కి తిరగకుండానే, గోడ వైపు చూస్తూ పెద్ద గొంతుతో అరిచాడు. "బిడ్డా! చెయ్యి మెత్తగ పట్టు! గది తీస్కుంటది, నువ్వు ఇయ్యి!"

బల్ల దగ్గర కూర్చున్న ఎంపిక పెద్దలు ఎవరీ గోడతో మాట్లాడే మనిషి అని చూశారు. అమ్మాయి భుజాలు కిందికి దిగటం నాకు కనబడింది.

నాలుగో బంతి. టక్.

మైదానం అంతా విన్నది ఆ చప్పుడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదవి చివర మడత పడింది. "ఎటు పోయింది సారు? జర చెప్పు."

"కుడి దిక్కు. పోతున్నది... ఇద్దరు ఉరుకుతున్నరు... దాటింది! గీత దాటింది!"

"మల్ల?"

"నేరుగా! బంతి వేసినోడి పక్క నుంచే! వాడు కాలు తీసేసుకున్నడు!"

"మల్ల?"

అంతవరకు నేను గొంతెత్తి మాట్లాడిన మనిషిని కాను. ఆ రెండు ఓవర్లలో నేను చేతులు ఊపాను, అటు ఇటు నడిచాను, ఎడమా కుడీ తప్పు చెప్పి దిద్దుకున్నాను. పక్కనున్న తల్లిదండ్రులు తమ పిల్లలను వదిలి నన్ను చూస్తున్నారు. ఆయన గోడ వైపు తిరిగి ఒక్కొక్క చప్పుడుకూ తల ఊపుతున్నాడు. నేను చెప్పకముందే "గిది నేల మీద పోయింది", "గిది లేచింది" అంటున్నాడు. చివరి బంతికి కుర్రవాడు కసిగా దూరం నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆమె ఒక్క అడుగు ముందుకు వేసింది. ఆ చప్పుడు చెప్పటం నాకు రాదు.

"ఎక్కడ పడ్డది సారు?"

"పడలే! ఇంకా పడలే! గోడ అవతలికి... గోడ దాటింది!"

పేర్లు చదివారు. మూడో పేరు మా అమ్మాయిది. ఇంటిపేరుతో సహా మైకులో చదివారు. అప్పుడు గానీ ఆయన మైదానం వైపు తిరగలేదు. అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి బ్యాటు ఆయన చేతిలోనే పెట్టింది, నా చేతిలో కాదు. ఆయన మెచ్చుకోలు మాట ఒక్కటీ అనలేదు. బ్యాటు మొహాన్ని నా వైపు తిప్పి చూపించాడు. తోలు బంతి వదిలిన ఎర్రటి గుర్తులు, మొదటి మూడింట్లో తగిలిన రెండూ అటూ ఇటూ ఉన్నాయి, మిగిలిన తొమ్మిదీ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"చూడు సారు. అరచెయ్యంత జాగా. అన్ని గందులనే పడ్డయి" అన్నాడు. ఆ జాగా మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, దాచుకోలేదు. బ్యాటు నా చేతికిచ్చాడు.

గడియారం సెంటర్ మీదుగా బస్టాండుకు నడిచాం. ఆయనా అమ్మాయీ ముందు పోతున్నారు, నాలుగో బంతికి కాలు ఎక్కడ పెట్టావు, ఆరో బంతికి చూపు ఎక్కడుందని కొట్లాడుకుంటూ. "సంచిల పెడ్త ఇటియ్యి బాపూ" అని అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి అడిగింది. ఇవ్వలేదు. ఎర్ర గుర్తులున్న మొహం బయటికి పెట్టి బ్యాటును భుజాన వేసుకున్నాను. వాళ్ళిద్దరి వెనకాల, నల్లగొండ ఊరంతా చూసేలా, తాపీగా నడిచాను.